గాలి, చెమట, చప్పుడు

(బి.యస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)



సావనీర్‌కు సైన్సు వ్యాసం ఒకటి రాసిమ్మని మా ఫిజిక్సు లెక్చరర్ గారు అడిగినప్పుడు, నేను కృష్ణబిలాల గురించో అణుశక్తి గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. కాని నేను రాయబోయేది ఒక కోటు గురించి. చలిగాలిలో తిరిగేవాడు, అందులోనూ చప్పుడు చేయకుండా తిరగవలసినవాడు, ఒంటిమీద ఎటువంటి బట్ట కప్పుకోవాలన్నదే నా విషయం. ఇదీ ఒక సమస్యేనా అని మీకు అనిపించవచ్చు. పోయిన సంక్రాంతి దాకా నాకూ అట్లాగే అనిపించింది. ఆ పండుగ సెలవుల్లో ఈ సంగతి తెలియకపోవడం వల్ల మా ఇంటికి పావెకరం పంట నష్టమైంది.

ఈ విషయమై ప్రపంచంలో ఎక్కువగా తల బద్దలుకొట్టుకున్నవారు చలిదేశాల వేటగాళ్లు. వేట అనగానే ఉలికిపడకండి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తర్వాత వేట నేరం. పంటను తినే అడవిపందిని కూడా అనుమతి లేకుండా చంపరాదు. నేను ఎవరినీ వేటకు పొమ్మనడం లేదు. కాని వేటగాడికి ఎదురయ్యే చిక్కే రాత్రిపూట చేను కాచే రైతుకూ ఎదురవుతుంది. ఇద్దరూ ముందు నడుస్తారు, గట్టు ఎక్కుతారు, చెమట పోస్తారు. తర్వాత గంటల తరబడి గాలిలో కదలకుండా కూర్చుంటారు. ఇద్దరికీ చెవులే ఆధారం. అందుకని వేటగాడి కోటు వెనుక ఉన్న విజ్ఞానం మా నాయినకూ పనికివస్తుంది. అసలు సంగతేమంటే అది ఆయనకు ముందే తెలుసు. తెలియంది నాకే!

ఆ రాత్రి జరిగింది

మాది పాలమూరు వైపు, నల్లమల అంచున ఒక పల్లె. బోరు కింద ఎకరన్నర వేరుశనగ ఉంది. మా వైపు బుడ్డలంటాం. నా హాస్టల్ మెస్ బిల్లు ఆ చేనులోంచే వస్తుంది. యాసంగి పంట సంక్రాంతి నాటికి కాయ ఊరి ఉంటుంది. ఆ వాసన అడవిపందులకు ఎట్లా తెలుస్తుందో గాని, సరిగ్గా అప్పుడే గుట్ట దిగుతాయి. కొన్నిచోట్ల పందుల కోసమని కంచెలకు దొంగచాటుగా కరెంటు పెడుతున్నారు. ఆ తీగలు తగిలి మనుషులే చనిపోయిన వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. అందుకే మా నాయిన కరెంటు మాట ఎత్తనివ్వడు. మంచె మీద కూర్చుని కాపలా కాస్తాడు. పందుల అలికిడి వినబడగానే డబ్బా కొట్టి, కేకలేసి, బ్యాటరీలైటు వేస్తే అవి మళ్లీ గుట్ట ఎక్కుతాయి. కాపలా అంటే ఇంతే. అయితే ముందుగా అలికిడి వినబడాలి గదా!

ఆ రోజు నాయిన మా అక్కను పండుగకు తీసుకురావడానికి వాళ్ల అత్తగారి ఊరికి పోయాడు. కాపలా నాకు పడింది. నేను పట్నంలో కొత్తగా కొన్న కోటు వేసుకున్నాను. నల్లగా నిగనిగలాడే నైలాన్ కోటు. గాలి చొరదని, నీళ్లు దిగవని దాని చీటీ మీద రాసి ఉంది. అమ్మ గోడకున్న గొంగడి చూపించి, "అది తీస్కపో బిడ్డా, తెల్లందాక గాలి కొడ్తది" అన్నది. "నాకు కోటున్నది లేమ్మా" అని బయల్దేరాను. నిజం చెప్పాలంటే గొంగడి భుజాన వేసుకుని పోవడం నాకు నామోషీ అనిపించింది.

ఊరినుంచి చేనుకు రెండు కిలోమీటర్లు. చివరికి ఒక గట్టు ఎక్కాలి. ఆలస్యమైందని గబగబా నడిచాను. మంచె ఎక్కేసరికి కోటు లోపల చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. ఒక అరగంట బాగానే ఉంది. ఆ తర్వాత మొదలైంది వణుకు. బయటినుంచి గాలి చొరబడిన మాట లేదు. చలి లోపలినుంచే వస్తున్నట్లుంది. జిప్పు తీస్తే ఇంకా ఘోరం. చివరికి టోపీ తలమీదికి లాక్కుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. వణికినప్పుడల్లా కోటు గరగరమంటున్నది. తల తిప్పితే చెవి పక్కనే కాగితాలు నలిపినట్లు చప్పుడు. రాత్రంతా ఆ చప్పుడే విన్నాను.

తెల్లవారి చూస్తే చేను దిగువ భాగంలో పావెకరం మేర దుక్కి దున్నినట్లుంది. తీగలు పైకి, వేర్లు కిందికి లేకుండా తలకిందులై ఉన్నాయి. మంచెకు అరవై మీటర్లు ఉంటుందేమో. మధ్యాహ్నానికి నాయిన వచ్చాడు. చేనంతా ఒకసారి తిరిగి చూశాడు. తిట్టలేదు. "రాత్రి చెవులు యాడ పెట్టినవురా?" అని మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివిన దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

గాలి చేసే పని

మన చర్మానికి ఆనుకుని ఒక పలుచని వెచ్చని గాలిపొర ఎప్పుడూ ఉంటుంది. కదలని గాలి మంచి ఉష్ణబంధకం. దుప్పటిగాని, ఉన్నిగాని, ఈకలుగాని మనకు ఇచ్చే వెచ్చదనమంతా నిజానికి వాటి సందుల్లో చిక్కుకున్న గాలిదే. గాలి వీచినప్పుడు ఈ వెచ్చని పొర కొట్టుకుపోయి, దాని చోటికి చల్లని గాలి వస్తుంది. దాన్ని మన ఒళ్లు మళ్లీ వేడిచేయాలి. ఇదే సంవహనం ద్వారా జరిగే ఉష్ణనష్టం.

దీన్ని మొదట కొలిచినవారు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే అమెరికన్లు. వారు అంటార్కిటికాలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి గాలిలో వేలాడదీసి, అవి ఎంతసేపటికి గడ్డకడతాయో లెక్కగట్టారు. ఫలితాలను 1945లో ప్రచురించారు. 2001లో అమెరికా, కెనడాలు ఆ లెక్కను సవరించి కొత్త సూత్రాన్ని తయారుచేశాయి. దాని ప్రకారం 10 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, కప్పుకోని ముఖానికి అది సుమారు 7 డిగ్రీల చలిలా తగులుతుంది. పైన ఒక బట్ట అడ్డుపెడితే ఆ తేడా చాలావరకు తగ్గుతుంది. ఇంతవరకు నా కోటు తన పని తాను చేసింది. దాన్ని తప్పుపట్టడానికి లేదు.

చెమట సంగతి

విశ్రాంతిగా కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల బల్బంత వేడిని పుట్టిస్తుంది. అదే మనిషి బరువుతో గట్టు ఎక్కేటప్పుడు 500 వాట్లదాకా పోవచ్చు. ఈ అదనపు వేడిని వదిలించుకోవడానికే చెమట. అది ఆవిరై బయటికి పోతే మంచిదే. పోయే దారి లేకపోతేనే చిక్కు.

నా కోటుకు లోపలివైపు ప్లాస్టిక్ వంటి పూత ఉంది. గాలిని లోపలికి రానివ్వని ఆ పూత ఆవిరిని బయటికి పోనివ్వదు. ఆవిరి వచ్చి చల్లని కోటుకు తగిలి మళ్లీ నీరవుతుంది. చల్లని చెంబు మీద చెమ్మ పట్టినట్లన్నమాట. ఆ నీరు చొక్కాలోకి దిగుతుంది. నీటి ఉష్ణవాహకత గాలికంటే సుమారు 24 రెట్లు ఎక్కువ. అనగా చొక్కా పోగుల్లో గాలి ఉండవలసిన చోట నీరు చేరగానే, బంధకం కాస్తా వాహకం అయిపోయింది. నేను వణికింది అందుకే.

మరి జిప్పు తీస్తే ఇంకా ఘోరమైందేమి? బాష్పీభవన గుప్తోష్ణం ఇంటర్‌లో చదువుకున్నదే. చర్మపు ఉష్ణోగ్రత వద్ద ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కెలోరీలు కావాలి. చొక్కాలో 100 గ్రాముల చెమట ఉందనుకుందాం. అది ఆరడానికి 58 వేల కెలోరీలు కావాలి. కూర్చున్న మనిషి ఒళ్లు దాదాపు నలభై నిమిషాల్లో పుట్టించే వేడి అంతా దానికే సరి! అందులో ఎక్కువ భాగం ఒంటినుంచే పోతుంది. నడిచేటప్పుడు ఆరవలసిన చెమటను దాచిపెట్టుకుని, కూర్చున్నాక ఆరబెట్టుకోవడమంటే అప్పును వడ్డీతో కట్టడం లాంటిది.

లోపల నూలు చొక్కా వేసుకోవడం కూడా నా తప్పే. నూలు చెమటను పీల్చి పట్టుకుంటుంది, తొందరగా ఆరదు. 65 శాతం తేమ ఉన్న గాలిలో ఉన్ని తన పొడి బరువులో సుమారు 16 శాతం తేమను పీలుస్తుంది. నూలు 8 శాతం, నైలాన్ 4 శాతం, పాలియెస్టర్ అరశాతం కూడా పీల్చవు. ఉన్ని విశేషమేమంటే, ఆ తేమను పోగు లోపల దాచుకుంటుంది. పైకి తడిగా తోచదు. పైగా తేమను పీల్చేటప్పుడు కొంత వేడిని కూడా విడుదల చేస్తుంది. పాలియెస్టర్ దారి వేరు. అది తేమను పీల్చకుండా త్వరగా ఆరిపోతుంది. కొండలెక్కే వేటగాళ్లు లోపల ఈ రెంటిలో ఏదో ఒకటి తొడుగుతారు గాని, నూలు తొడగరు.

చప్పుడు సంగతి

నైలాన్ గరగరమనేది ఎందుకు? దాని పోగు నున్నగా, ఏకధారగా ఉంటుంది. నేసిన తర్వాత పూత పూసేసరికి బట్ట బిరుసెక్కుతుంది. బిరుసు బట్టను వంచితే అది మెల్లగా వంగదు. కొంతదూరం ఓర్చుకుని, ఒక్కసారిగా పటుక్కున మడతపడుతుంది. అట్లాంటి వందలాది చిన్నచిన్న పటుకుల మొత్తమే గరగర. ఇందులో ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వనులు మెండు. మనిషి చెవి 20 వేల హెర్ట్జుల దగ్గర ఆగిపోతుంది. పంది 40 వేల దాకా వింటుంది. కనుక మనకు వినబడే గరగర కంటే దానికి వినబడేది ఎక్కువ. ఉన్ని బట్ట మీద నూగు ఉంటుంది. రెండు మడతలు రాసుకున్నా ఆ నూగే దిండులా అడ్డుపడుతుంది. బట్ట మెత్తగా వంగుతుంది, కనుక పటుకులు పుట్టవు.

వేటగాడు చప్పుడుకు భయపడేది జంతువు తనను వింటుందని. నా కథ దానికి తలకిందులు. పందులు నన్ను విని పారిపోతే నాకు లాభమే. నేను వాటిని వినలేకపోవడమే నా నష్టం. దీనికి ఒక చిన్న లెక్క ఉంది. ధ్వని తీవ్రత దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. టోపీ నా చెవికి ఆరు సెంటీమీటర్ల దూరంలో గరగరమన్నది. పందులు అరవై మీటర్ల దూరంలో కాయలు నమిలాయి. దూరాల నిష్పత్తి 1 : 1000. అనగా రెండు చప్పుళ్లూ పుట్టినచోట సమానమే అనుకున్నా, పందుల చప్పుడు నా చెవికి చేరేసరికి పది లక్షల రెట్లు బలహీనం. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 60 తేడా. నాయిన అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. నా చెవులను నా టోపీలో పెట్టాను.

వేటగాళ్లు ఏం చేశారు?

ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్లు చలికాలంలో కారిబూ అనే దుప్పిజాతి జంతువు చర్మంతో కుట్టిన రెండు అంగీలు వేసుకునేవారు. లోపలిదానికి బొచ్చు ఒంటివైపు, పైదానికి బొచ్చు బయటివైపు. అంగీ వదులుగా ఉంటుంది. పని ఎక్కువై ఉక్కపోస్తే మెడదగ్గర వదులుచేస్తారు, వేడిగాలి పైకి పోతుంది. సీల్ జంతువు ఊపిరి తీసుకోవడానికి మంచులో చేసుకున్న కన్నం దగ్గర వేటగాడు గంటల తరబడి కదలకుండా నిలబడాలి. కాళ్ల కింద చప్పుడు కాకుండా, చలి తగలకుండా ఒక చర్మపు ముక్క వేసుకుని నిలబడేవాడు. చలి, చెమట, చప్పుడు మూడింటికీ ఇట్లా ఒకేసారి జవాబు దొరికింది.

ఆస్ట్రియా, టిరోల్ కొండల వేటగాళ్లది లోడెన్ అనే ఉన్ని బట్ట. దాన్ని నేసిన తర్వాత వేడినీళ్లలో తడిపి, దంచి, బాగా కుంగేటట్లు చేస్తారు. పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని దగ్గరపడతాయి. గాలి నేరుగా దూరదు, ఆవిరి మాత్రం సందుల్లోంచి మెల్లగా బయటపడుతుంది. చప్పుడు అసలే లేదు. బరువే దాని లోపం.

బరువు తగ్గించడానికి ఇంగ్లండువారు నూలుతో ప్రయత్నించారు. లాబ్రడార్ తీరంలో జాలరులకు వైద్యం చేసిన విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ అనే డాక్టరు కోసం 1923లో బర్న్‌లీ పట్టణంలో ఒక దట్టమైన నూలుబట్ట తయారైంది. దానికి ఆయన పేరే పెట్టారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్‌వారు, విమానాలు కూలి చల్లని సముద్రంలో పడే వైమానికుల కోసం వెంటైల్ అనే బట్టను రూపొందించారు. పొడవైన నూలు పోగులను దట్టంగా నేసిన బట్ట అది. తడిస్తే పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి, ఆరితే మళ్లీ తెరుచుకుంటాయి. పూత లేదు కనుక గరగర తక్కువ. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ టెఫ్లాన్‌ను సాగదీసి, నీటిబొట్టు దూరని, ఆవిరి మాత్రం దూరే సన్నని రంధ్రాల పొరను కనిపెట్టాడు. వానకు అది గొప్ప ఆవిష్కరణ. అయితే పొర అతికించిన బట్ట సాధారణంగా బిరుసుగా ఉంటుంది. ఎక్కువ చెమట పోసేవాడికి ఆవిరి పోయే వేగమూ చాలదు.

అందుకే నడిచి వేటాడేవారు ఇప్పుడు వానకోటు వేరు, గాలికోటు వేరుగా చూస్తారు. బట్టగుండా గాలి ఎంత పోతుందో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. అర అంగుళం నీటిమట్టపు పీడనంతో ఒక చదరపు అడుగు బట్టగుండా నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోతుందో చూస్తారు. సున్నా అయితే గాలి అసలు చొరదు. గట్టెక్కేవాడికి సున్నా పనికిరాదు. కొద్దిగా గాలి చొరవలసిందే. పూర్తిగా గాలిని ఆపే బట్టే అన్నిటికంటే మంచిదన్న నా నమ్మకం ఇక్కడే దెబ్బతిన్నది.

కొనేముందు మూడు పరీక్షలు

మిల్లు లెక్కలు మనకు చీటీ మీద దొరకవు. కనుక నేను హాస్టల్లో చేసిచూసిన పరీక్షలు చెబుతాను. ఖర్చేమీ లేదు.

మొదటిది గాలి పరీక్ష. బట్టను పెదవులకు గట్టిగా ఆనించి ఊదండి. అవతలివైపు అరచెయ్యి పెట్టండి. ఏమీ తగలకపోతే అది వానకు, మోటారుసైకిలుకు పనికివస్తుంది, నడకకు కాదు. జోరుగా తగిలితే గాలికి నిలవదు. కష్టపడి ఊదితే కొంచెం తగిలే బట్ట నడిచేవాడికి తగినది.

రెండవది ఆవిరి పరీక్ష. గ్లాసులో వేడినీళ్లు పోసి, మూతికి బట్ట కప్పండి. నీళ్లు బట్టకు తగలకూడదు. పైన ఒక చల్లని స్టీలు పళ్లెం పట్టండి. నాయిన గొంగడి అంచు పెట్టినప్పుడు, నూలు తువ్వాల పెట్టినప్పుడు పళ్లెం మసకబారింది. నా కోటు పెట్టినప్పుడు పళ్లెం అట్లాగే మెరుస్తున్నది. నీళ్లన్నీ కోటు అడుగునే బొట్లుబొట్లుగా పట్టాయి.

మూడవది చెవి పరీక్ష. రాత్రి హాస్టల్ సద్దుమణిగాక బట్టను చెవి దగ్గర పెట్టి నలపండి. కొత్తప్పుడు మెత్తగా ఉన్న బట్ట కూడా చలికి బిరుసెక్కవచ్చు. అందుకని చల్లనివేళ చూడాలి. నేను ఈ పరీక్ష చేస్తుంటే నా రూమ్‌మేట్ దుప్పటి తీసి, "ఒరేయ్, దాంతో పడుకోనిస్తావా లేదా" అని అరిచాడు. ఫలితం వేరే చెప్పనక్కరలేదు!

గొంగడి ముచ్చట

పంట పోయిన మరునాటి రాత్రి నాయిన నన్ను వెంటబెట్టుకుని చేనుకు పోయాడు. గొంగడి మడిచి భుజాన వేసుకున్నాడు గాని కప్పుకోలేదు. చొక్కా మీదనే గట్టెక్కాడు. మంచె ఎక్కినాక తువ్వాలతో మెడ, రొమ్ము తుడుచుకుని, కాసేపు ఊరికే కూర్చున్నాడు. "చెమట ఆరినంక కప్పుకోవాలె" అన్నాడు. ఆ తర్వాత గొంగడి చుట్టూ కప్పుకున్నాడు. తలకు తువ్వాల చుట్టి, చెవులు బయటికి వదిలాడు. నేను పైన రెండు పేజీల్లో రాసిందంతా ఆయన ఆ అయిదు నిమిషాల్లో చేసి చూపించాడు. అర్ధరాత్రి దాటాక నా చెయ్యి తట్టి దిగువకు చూపాడు. నాకేమీ కనబడలేదు. చెవులు రిక్కిస్తే సన్నగా కరకరమని చప్పుడు. డబ్బా కొట్టాం. పోయినయి.

గొంగడిలో ఉన్నదీ లోడెన్‌లో ఉన్న గుణమే. మన దక్కని నల్లగొర్రెల ముతక ఉన్నితో కురుమలు గుంట మగ్గం మీద నేస్తారు. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. దానివల్ల పోగుకు బలం, బట్టకు బిరుసు వస్తాయి. అయినా గరగరమనదు, ఎందుకంటే పైన నూగు ఉంది. అట్లాగని గొంగడి అన్నిటికీ మందని నేననను. బరువెక్కువ, గుచ్చుకుంటుంది, తడిస్తే మోయలేం. అది కప్పుకుని గట్టెక్కితే నా కోటుకు పట్టిన గతే దానికీ పడుతుంది. కూర్చున్నవాడికే అది రాజు. నడిచేవాడికి పలుచని, కొంచెం గాలి చొరే, చప్పుడు కాని పైచొక్కా చాలు. చలిలో ఎట్లా ఉంటామన్నది ఏ బట్ట కొన్నామన్నదాని మీద ఎంత ఆధారపడి ఉందో, ఎప్పుడు వేసుకుని ఎప్పుడు తీశామన్నదాని మీద కూడా అంతే ఆధారపడి ఉంది.

ముతక ఉన్నికి ధర లేక, మాంసపు జాతుల గొర్రెలు పెరిగి, నల్లగొర్రెలు తగ్గిపోతున్నాయి. గొంగడి నేసేవాళ్లూ తగ్గుతున్నారు. మా కాలేజీలో టెక్స్‌టైల్స్ వైపు పోదామనుకునే మిత్రులెవరైనా ఉంటే, గొంగడి ఉన్నితో తేలికైన కాపలాకోటు ఒకటి తయారుచేసే సంగతి ఆలోచించమని మనవి. కొనేవాళ్లు మా ఊళ్లోనే చాలామంది ఉన్నారు.

నా నైలాన్ కోటును పారేయలేదు. వానలో బోరు మోటారు వేయడానికి పోయేటప్పుడు నాయినే వేసుకుంటున్నాడు. వానకు మంచిగనే ఉన్నదంటాడు. ఈ ఏడు కూడా బుడ్డలే పెట్టాం. సంక్రాంతి సెలవులకు నేను పోవాలి, కాపలా ఉంది. ఈసారి గొంగడి భుజాన వేసుకుని ఊరి మధ్యలోనుంచే పోతాను.